మూలుగ సూది

పొద్దు 212

కొలిమి ఆరింది. ముగ్గురు లోపలికి వెళ్ళి చేత్తో ఆర్పి వచ్చారు. అందుకే గుల్లపేట ఇంకా ఉంది.

ఉదయం పుట్టగొడుగుల గదిలో పనివాళ్ళ దగ్గులు వింటూ ఉండగా గంట మోగింది. కొలిమికి నీళ్ళు తీసుకెళ్ళే గొట్టం పూడుకుపోయింది. వేడిని అణిచే కడ్డీలు సగంలో ఇరుక్కున్నాయి. పైనేమో దుమ్ము కాలం. కరెంటిచ్చే ఎండ పలకలను పూటపూటా తుడుస్తున్నా, వాటి మీద ఎర్రటి పొర తప్ప మరేమీ ఉండడం లేదు. బయటికి పారిపోదామంటే ఈ నేల మీద పీల్చే గాలి ఎప్పుడూ లేదు. ఉన్నవల్లా వీళ్ళ తాతలు తవ్విన సొరంగాలు, వాటిలో నాలుగు వందల మంది, వాళ్ళందరికీ కరెంటూ గాలీ ఇచ్చే ఒకే ఒక అణు కొలిమి.

మేస్త్రీ సింహాచలం ముందు నడిచాడు. వెల్డింగు చేసే పైడమ్మ అతని వెనక వెళ్ళింది. మూడోవాడు సన్యాసిరావు, ఊరి పెద్ద దాలినాయుడి అల్లుడు. చేతులు పొడుగని కడ్డీకి అందరికంటే దగ్గరగా నిలబడి లాగింది అతనే.

బయటికి రాగానే ముగ్గురి బట్టలూ తీయించి మూటగట్టించాను. జుట్టుతో సహా మళ్ళీ మళ్ళీ కడిగించాను. కిరణాల మీటరు పెట్టి తల నుంచి అరికాలి దాకా చూశాను. మామూలు కంటే ఒక్క టిక్కు కూడా ఎక్కువ రాలేదు. ఒంటి మీద ఏమీ లేదు. జరగాల్సింది ఒంటి లోపల జరిగిపోయింది.

కిరణాలు ఎంత తగిలాయో చెప్పడానికి నాకున్న మొదటి కొలత వాంతి. ఎంత త్వరగా మొదలైతే అంత ఎక్కువ తగిలినట్టు. సన్యాసిరావు స్నానపు నీళ్ళ కిందే కక్కుకున్నాడు. మిగతా ఇద్దరికీ భోజనాల వేళకు మొదలైంది.

ముగ్గురికీ పొట్ట మీద చర్మం కింద మూలుగ సూది వేశాను. తెల్ల కణాలు పుట్టేది ఎముకల లోపలి మూలుగలో. కిరణాలు ముందుగా దాన్నే తింటాయి. ఈ మందు అక్కడ చావకుండా మిగిలిన తల్లి కణాలను తట్టి లేపి, కనండి, త్వరగా కనండి అని వెంటపడుతుంది. తెల్ల కణాలు లేని మనిషిని పసివాడి జలుబు కూడా చంపేస్తుంది. కణాలు మళ్ళీ లేచి నిలిచేదాకా సూది రోజూ పడాలి.

"ఏటి డాక్టరమ్మా, మూలిగే సూదా?" అన్నాడు సింహాచలం, బకెట్టు మీంచి తలెత్తి.

"మూలుగ సూది."

"ఏదైతే ఏటి. పేరులోనే ఉంది, మంచిది కాదని."

దాలినాయుడు ఆస్పత్రి అద్దం గోడ అవతల నిలబడి ముగ్గురికీ దండం పెట్టాడు. లోపలికి మాత్రం రాలేదు.

పొద్దు 214

వాంతులు ఆగాయి. ముగ్గురికీ ఆకలేస్తోంది, పేకాట ఆడుతున్నారు. ఈ జబ్బు చేసే మోసం ఇదే. ఒకసారి తలుపు తట్టి వెళ్ళిపోతుంది. మనిషి లేచి తిరుగుతాడు, నవ్వుతాడు, బాగైపోయాననుకుంటాడు. రెండోసారి వచ్చినప్పుడు అది తలుపు తట్టదు.

"నాను ఇంటికెల్లిపోతాను," అంది పైడమ్మ. "ఇద్దరు గుంటలున్నారు. ఆడికి గంజి కాయడం కూడా రాదు." గుంటలు అంటే పిల్లలు, ఆడు అంటే ఆమె మొగుడు.

"ఇంకొన్నాళ్ళలో నీ ఒంట్లో తెల్ల కణాలు అడుగంటుతాయి. అప్పుడు నీ గుంటడు తుమ్మితే నువ్వు చస్తావు."

ఇంకాస్త మెత్తగా చెప్పి ఉండవచ్చు. ఈ ఊరికి వచ్చి ఆరేళ్ళైంది. ఇక్కడ మెత్తగా చెప్పిన మాటను ఎవరూ విన్నట్టు నాకు గుర్తు లేదు.

ఆస్పత్రి చివరి గదిని వాళ్ళకిచ్చాను. ఒకవైపు గోడంతా అద్దం. పైకప్పులోని ఫ్యాను, వడకట్టిన గాలిని గదిలోకి తోస్తుంది. ఆ ఒత్తిడికి గదిలోని గాలి తలుపు సందుల్లోంచి నడవలోకి పోతుంది. ఊరి గాలి లోపలికి రాకూడదని ఈ ఏర్పాటు. తలుపు సందు మీద కట్టుగుడ్డ పీలిక ఒకటి వేలాడదీశాను. అది నడవ వైపు రెపరెపలాడుతున్నంతసేపూ నాకు నిద్ర పడుతుంది.

సన్యాసిరావు నెత్తురు సూక్ష్మదర్శిని కింద చూశాను. తెల్ల కణాల్లో కిరణాలకు ముందుగా రాలిపోయే రకం ఒకటుంది. మిగతా ఇద్దరిలో అది బాగా తగ్గింది. ఇతనిలో వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంకో బొట్టు తీసి మళ్ళీ చూశాను. మళ్ళీ అదే.

పొద్దు 216

నడవలో జనం. ముందు పదిమంది వచ్చారు, తర్వాత నడవ నిండిపోయింది. ముక్కులకు గుడ్డలు కట్టుకుని వచ్చారు. ఆ గుడ్డ నిజానికి కాపాడేది లోపలివాళ్ళనని చెబితే ఎవరూ కట్టుకోరు.

"ఆళ్ళ గాలి మా మీదికి ఊదుతున్నావు," అంది ఒక ముసలమ్మ, పీలిక వైపు చెయ్యి చూపించి. "సూడండర్రా, ఎలా ఎగురుతందో! అదంతా మన పిల్లల ముక్కుల్లోకే."

తప్పు పట్టడానికి లేదు. కంటికి కనపడేది అదే. రోగుల గది ఊదుతోంది, ఊరు పీలుస్తోంది. మీటరు తెచ్చి, లోపలికి వెళ్ళి, జనానికి అద్దంలోంచి కనపడేలా ముగ్గురి ఒంటి మీదా తిప్పాను. తర్వాత నడవ గోడకు ఆనించాను. గోడ రాయి దగ్గర రెండు టిక్కులు ఎక్కువే వచ్చాయి.

"కిరణం తగలడం అంటే ఎండ తగలడం లాంటిది," అన్నాను. "ఎండదెబ్బ తగిలినవాడి ఒంట్లోంచి ఎండ రాదు."

"నీ మిషను నీ మాటే వింటాది," అన్నాడొకడు. నవ్వులు.

దాలినాయుడు నవ్వలేదు. అందరినీ పంపించి, ఒక్కడే నిలబడ్డాడు. పెద్ద మనిషి. మొన్నటిదాకా నాతో "మీరు" అనేవాడు.

"నాను కొలిమిలో పన్నెండేళ్ళు పనిసేసినాను. తెలుసా నీకు?"

"తెలుసు."

"నా పెళ్ళాం ఎలా పోయిందో తెలుసా? నా బట్టలు ఉతికి. ఏ రోజూ అది కొలిమి మొహం సూడలేదు. ఒట్టినే నా బట్టలు ఉతికినాది. అప్పటి డాక్టరు కూడా ఇలాగే మిషను పట్టుకొచ్చి, ఏటీ లేదు, ఏటీ అవదు అన్నాడు."

"ఆమెను చంపింది బట్టలకు అంటిన దుమ్ము, దాలినాయుడు గారూ. వీళ్ళ దుమ్ము నేను కడిగించేశాను. అది వేరు, ఇది వేరు."

"నీకు వేరు," అన్నాడు. "ఫ్యాను అటు తిప్పు. ఆళ్ళ గాలి పైకి లాగీసి బయటికి పోవాలి. ఊరి మీదికి కాదు."

"అటు తిప్పితే ఊళ్ళోని దగ్గంతా వాళ్ళ మీదికి పోతుంది. చస్తారు."

"ముగ్గురే గదా," అన్నాడు. ఆ ముగ్గురిలో తన అల్లుడు ఉన్నాడని తెలిసే అన్నాడు. నాకు అతనంటే భయం మొదలైంది అప్పుడే.

పొద్దు 218

మందు పని చేస్తోంది. అంటే ఇద్దరు నొప్పితో మెలికలు తిరుగుతున్నారు.

మూలుగ మేలుకుంటే ఎముకలు లోపలి నుంచి ఉబ్బినట్టు నొప్పి పుడుతుంది. నడుము, తొడలు, రొమ్ము మధ్య ఎముక. సింహాచలం మంచం పట్టీ పట్టుకుని, నాకు ఇదివరకు తెలియని బూతులన్నీ నేర్పించాడు. పైడమ్మ అరవదు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని మూలుగుతుంది, ఊరంతా వినపడేటంత లోతుగా. నొప్పి మాత్రలు ఇచ్చాను. కొంచెం తగ్గింది. ఊళ్ళో కొత్త మాట పుట్టిందట, డాక్టరమ్మ వాళ్ళను సూదులతో కొంచెం కొంచెంగా చంపుతోందని.

సన్యాసిరావు మాత్రం పైడమ్మ మంచం పక్కన కూర్చుని ఆమె పాదాలు పిసుకుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. నెమ్మదైన మనిషి, మాటల్లో తొందర ఉండదు.

"నాకేం నొప్పి లేదు డాక్టరమ్మా. ఇసుమంత లేదు. ఈళ్ళ బాద సూస్తే సిగ్గేస్తంది."

సూది ఈ చేత్తోనే వేశాను. అదే మందు, అదే మోతాదు. నొప్పి లేదంటే లేపడానికి లోపల ఎవరూ మిగల్లేదన్నమాట. విత్తు చచ్చిన మడికి ఎన్ని నీళ్ళు పెడితే మాత్రం ఏం లాభం? నొప్పి పుట్టని ఒళ్ళు కొన్ని ఉంటాయి, నిజమే. కానీ ఇతని నెత్తురు కూడా అదే మాట చెబుతోంది.

ఇక మిగిలిన దారి ఇంకొకరి మూలుగ తెచ్చి ఎక్కించడం. అది పెద్ద రేవు పట్నంలోని ఆస్పత్రిలోనే అవుతుంది. దుమ్ము వల్ల దారి మూసేశారు. అయినా రేడియోలో అడిగాను. దుమ్ము తగ్గాక చూద్దామన్నారు. గొంతులో జాలి కూడా లేదు, విసుగు తప్ప.

"నొప్పి లేకపోడం మంచిదేనా?" అని అడిగాడు సన్యాసిరావు.

"రేపు కూడా సూది వేస్తాను," అన్నాను. అతను నా మొహం చూసి, ఇంకేమీ అడగకుండా మళ్ళీ పైడమ్మ పాదాలు పట్టుకున్నాడు.

పొద్దు 221

బ్యాటరీల్లో మిగిలిన కరెంటు పొదుపు పేరుతో నా చల్లపెట్టెకు తీగ పీకేశారు. మందు వేడెక్కితే పాడవుతుందంటే, "బయటంతా గడ్డకట్టే చలే కదా, అక్కడెట్టుకో" అన్నారు. గడ్డకట్టినా పాడవుతుందని చెప్పేలోపు వెళ్ళిపోయారు. మంచు కరిగించిన నీళ్ళు చేపల తొట్లకు పారే కాలువ ఒకటుంది, ఊరి ఆ చివర. ఆ నీళ్ళు గడ్డకట్టకుండా, వేడెక్కకుండా ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. మందు సీసాలను డబ్బాలో పెట్టి, తాడు కట్టి అందులో దించాను. రోజూ వెళ్ళి ఆ పూటకు కావలసినవి తెచ్చుకుంటున్నాను. దారిలో ఎవరూ పలకరించరు. ఒకడు నా కాళ్ళ ముందు ఉమ్మాడు.

పైడమ్మ మొగుడు ఆమె మంచం, బట్టలు, వంట గిన్నెలు నడవలో పెట్టి తలుపేసుకున్నాడు. ఆ మాట ఆమెకు చెప్పకూడదనుకున్నాను. ఎవరో అద్దం దగ్గరికి వచ్చి అరిచి మరీ చెప్పారు.

ఆమె ఏడవలేదు. "గిన్నెలు కూడానా?" అంది. "ఆ గిన్నెలు నాను సేసినవే. ఆ అతుకులన్నీ నావే," అంది.

పొద్దు 223

కాలువ దగ్గరి నుంచి వచ్చేసరికి పీలిక తలుపు సందులోకి అతుక్కుని ఉంది. లోపలికి.

ఫ్యాను మీట నడవలోనే ఉంటుంది. దానికి తాళం కావాలని మొదటి రోజే అడిగాను, ఇవ్వలేదు. ఇప్పుడు మీట ముందు దాలినాయుడు నిలబడ్డాడు, వెనక ముప్పై నలభై మంది. ఎంతసేపటి నుంచి తిప్పి ఉందో తెలియదు. నేను వెళ్ళగానే తిప్పి ఉంటారు. నడవలో ఆ ముప్పై నలభై మంది ఊపిరి, అందులో పుట్టగొడుగుల గది దగ్గు, అంతా ఆ సందులోంచి లోపలికి పోతోంది.

"జరగండి," అన్నాను.

"జరగను."

నేను తోశాను. నన్ను ఎవరో వెనక్కి లాగారు, కింద పడ్డాను. మొన్నటి ముసలమ్మ చేపల తొట్టి నీళ్ళ బకెట్టు నా నెత్తిన కుమ్మరించింది. లేచి, ఆ కంపుతోనే చెప్పాను.

"ఇది తిప్పకపోతే ఇవాళ్టి నుంచి ఈ ఊళ్ళో ఎవరి పురుడూ పొయ్యను. ఎవరి గాయమూ కుట్టను. మీ పిల్లలు జ్వరంతో మాడిపోతున్నా నా తలుపు తియ్యను. నాకు మీరెవరూ ఏమీ కారు."

నిజంగానే అన్నాను. అంత నిజంగా నేను ఎప్పుడూ ఏదీ అనలేదు. వాళ్ళకూ అది తెలిసింది. అయినా దాలినాయుడు కదల్లేదు.

అద్దం మీద ఎవరో బాదారు. సింహాచలం. నడుం నొప్పికి నిలబడలేక పైడమ్మ భుజం మీద వాలి ఉన్నాడు. అద్దంలోంచి గొంతు దూరంగా వినపడింది.

"ఒరే దాలినాయుడూ! కొలిమి మళ్ళీ ఎలగాలా అక్కర్లేదా? ఎలిగించడం ఎవులికి వొచ్చు? నాకు, ఈ పైడమ్మకి. మేం సస్తే దుమ్ము కాలం ఎల్లేదాకా సీకట్లో పుట్టగొడుగులు తింటూ కూకోండి. గాలి కూడా అయిపోద్ది. సచ్చినోడి దగ్గరికెల్లి అడగండి, ఎలా ఎలిగించాలో!"

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. న్యాయం చెప్పినప్పుడు కదలనివాళ్ళు, గాలి అయిపోతుందనగానే కదిలారు. ఎవరో దాలినాయుణ్ణి పక్కకు జరిపి మీట పైకెత్తారు. పీలిక ఒక్క క్షణం ఊరికే వేలాడి, నడవ వైపు లేచింది.

పొద్దు 226

సన్యాసిరావుకు జ్వరం. చేతి వెనక భాగం ఆనిస్తే కాలుతోంది. సూక్ష్మజీవులను చంపే మందులు ఉన్నవన్నీ మొదలుపెట్టాను. కానీ మందు సగమే కొడుతుంది, మిగతా సగం ఒంట్లోని సైన్యం కొట్టాలి. అతని ఒంట్లో సైన్యం లేదు. నోరంతా పుండ్లు. చిగుళ్ళలోంచి నెత్తురు.

అతని భార్య గౌరీశ్వరి అద్దం దగ్గరికి వచ్చింది. దాలినాయుడికి ఒక్కతే కూతురు. ఇన్నాళ్ళూ తండ్రి రానివ్వలేదు. ఇవాళ తలుపు గొళ్ళెం ఊడబీకి వచ్చిందట, వేళ్ళు చీరుకుపోయి ఉన్నాయి. దగ్గుతోంది.

"ఒక్కపాలి లోనికి పంపండి డాక్టరమ్మా."

"వద్దు."

"మా నాన్న ఒద్దన్నాడు. నువ్వూ ఒద్దంటావు. మరి మీ ఇద్దరికీ తేడా ఏటి?"

నా దగ్గర జవాబు ఉంది. కానీ ఆమె అడిగింది జవాబు కోసం కాదు.

పొద్దు 228

తెల్లవారేసరికి అతనికి ఊపిరి అందడం లేదు. గదిలో ఇంకా ఇద్దరు ఉన్నారు, వాళ్ళ కణాలు ఇంకా దిగుతున్నాయి. గౌరీశ్వరిని ఆ గదిలోకి పంపలేను. అతన్ని ఆ గదిలోంచి బయటికి తేగలను. బయటికి తేవడం అంటే ఏమిటో అందరికీ అర్థమవుతుంది. ముందుగా అతనికే.

"ముందు గదిలోకి మారుస్తాను. గౌరీశ్వరి అక్కడ ఉంటుంది," అన్నాను.

సన్యాసిరావు తలగడ మీంచి తల కొంచెం ఎత్తాడు.

"ఆళ్ళకి నొప్పి వొచ్చింది గదా," అన్నాడు, పక్క మంచాల వైపు కళ్ళు తిప్పి. "నాకు రానప్పుడే అనుకున్నాను. మీరు సెప్పలేదు, నానడగలేదు."

సింహాచలం గోడ వైపు తిరిగిపోయాడు. పైడమ్మ లేచి వచ్చి సన్యాసిరావు తల దువ్వింది. దువ్వెనకు జుట్టంతా వచ్చేసింది. దాన్ని పిడికిట్లో దాచేసి, "బాగున్నావులే తమ్ముడూ," అంది.

ముందు గదిలో గౌరీశ్వరి అతని పక్కన మంచం మీదే పడుకుంది. దగ్గు వస్తే ఆపుకోబోయింది. "ఇంకెందుకే ఆపుకోడం, దగ్గెయ్యి," అన్నాడు అతను. నేను బయటికి వచ్చి తలుపు మూశాను. మధ్యాహ్నం దాటాక ఆమె తలుపు తీసింది.

పొద్దు 229

గుల్లపేటలో చనిపోయినవాళ్ళను పుట్టగొడుగుల మడికి ఎరువుగా ఇస్తారు. తాతల నుంచీ అదే పద్ధతి, అదే గౌరవం. సన్యాసిరావును మాత్రం తీసుకోం అన్నారు. "ఆ మడిలో పుట్టింది మేం తినం." పైడమ్మ మొగుడు ఈ మాట ముందుగా అన్నాడు.

దాలినాయుడు ఎవరితోనూ మాట్లాడలేదు. ఊపిరి సంచి తగిలించుకుని, అల్లుణ్ణి భుజాన వేసుకుని, ఒక్కడే బయటి ఎర్రనేల మీదికి మోసుకెళ్ళాడు. దుమ్ములో దారి కనపడదు. చాలాసేపటికి తిరిగి వచ్చాడు. మోచేతుల దాకా ఎర్రమట్టి, తవ్వి పూడ్చినట్టుంది. నేరుగా నా దగ్గరికి వచ్చాడు. మళ్ళీ "మీరు" అన్నాడు.

"మీరు సెప్పండి. ఆ పొద్దు ఫ్యాను నాను తిప్పినందుకేనా?"

నాకు తెలియదు. ఆ జ్వరం నడవలోని దగ్గు వల్ల వచ్చి ఉండవచ్చు. అతని పేగుల్లోంచే పుట్టి ఉండవచ్చు, కిరణాలు పేగులనూ కాలుస్తాయి. ఫ్యాను తిరిగినా తిరగకపోయినా మూలుగ చచ్చిన మనిషి ఈ దుమ్ము కాలం దాటేవాడు కాదు. ఇదంతా చెప్పవచ్చు. చెబితే ఈ మనిషి రేపు మళ్ళీ ఆ మీట దగ్గర నిలబడతాడు. లోపల ఇద్దరికి కణాలు అడుగంటే రోజులు ఇంకా ముందున్నాయి.

అది ఒక్కటే కారణమని రాస్తే అబద్ధం. చేపల నీళ్ళ కంపు నా జుట్టులోంచి ఇంకా పోలేదు.

"అవును," అన్నాను. "మీరే."

అతను తల ఊపాడు. లెక్క సరిపోయిందన్నట్టు, అంతే. వెళ్ళి మీట పక్కన నేల మీద కూర్చున్నాడు. సాయంత్రం ఇద్దరు కుర్రాళ్ళు అటు వస్తే లేచి నిలబడ్డాడు. వాళ్ళు వెనక్కి పోయారు.

పొద్దు 236

ఇద్దరూ అడుక్కి దిగారు. పైడమ్మకు రెండు రోజులు జ్వరం, మందులకు లొంగింది. సింహాచలం ముక్కులోంచి నెత్తురు ఆగడానికి సగం పూట పట్టింది. సూది ఆపలేదు. కాలువకు వెళ్ళడం, రావడం, గుచ్చడం, నెత్తురు చూడడం. నడవలోకి ఎవరూ రావడం లేదు. దాలినాయుడు అక్కడే తింటున్నాడు, తిన్నప్పుడు. అక్కడే పడుకుంటున్నాడు.

పొద్దు 240

పైడమ్మ నెత్తుట్లో ఇవాళ తెల్ల కణాలు వెతుక్కోకుండా కనిపించాయి. సింహాచలానికి కూడా. సూక్ష్మదర్శిని మీద కన్ను పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను. నేను ఈ ఊరికి వచ్చాక ఇంత సంతోషపడడం ఇదే మొదలు.

"మళ్ళీ నొప్పెడతందమ్మా, ముదనష్టపు నొప్పి," అన్నాడు సింహాచలం.

"తిట్టు," అన్నాను. "ఇంకా గట్టిగా తిట్టు."

పొద్దు 247

కణాలు వరసగా నిలబడ్డాయి. సూది ఆపేసి తలుపు తీశాను.

ఊరంతా వచ్చింది. చప్పట్లు కొట్టారు. బకెట్టు కుమ్మరించిన ముసలమ్మ పైడమ్మకు దిష్టి తీసింది. కొలిమి వెలిగించాలి కదా, మరి. సింహాచలం జుట్టు రాలిన గుండు నిమురుకుంటూ అందరినీ ఒకసారి చూసి, "అడ్డు లెగండి," అని ఇంటికి వెళ్ళిపోయాడు.

పైడమ్మ మొగుడు ఇద్దరు పిల్లలనూ ముందు పెట్టుకుని వచ్చాడు. "ఇంటికి పదయే," అన్నాడు, ఏమీ జరగనట్టు.

ఆమె వంగి పిల్లలిద్దరినీ దగ్గరికి తీసుకుంది. వాళ్ళు ఆమె గుండును తడిమి నవ్వారు. లేచి, వాళ్ళ చేతులు రెండూ పట్టుకుంది.

"పదండ్రా," అంది వాళ్ళతో. మొగుడితో, "నీ మంచం నడవలో ఎట్టీసినాను అనుకో," అంది. ఆమె ఇంట్లోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకున్న చప్పుడు నడవ చివరిదాకా వినపడింది.

జనం పోయాక గౌరీశ్వరి ఖాళీ గదిలోకి వచ్చింది. మూడో మంచం మీద కూర్చుంది. ఆమె దగ్గు తగ్గిపోయింది.

"ఫ్యాను తిప్పకపోయుంటే బతికుండీవోడా?"

ఈ ఒక్క మనిషికి అబద్ధం చెప్పలేకపోయాను. "లేదు. నాకు తెలిసినంతలో, లేదు. మీ నాన్నకు వేరేగా చెప్పాను."

ఆమె దుప్పటి అంచు మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది.

"వెళ్ళి మీ నాన్నకు నిజం చెబుతాను," అన్నాను. "ఇక ఆ అబద్ధం అక్కర్లేదు."

"ఒద్దు."

"గౌరీ..."

"సచ్చీవోడే అవనీ," అంది. "మా నాన్నకి ఆ సంగతి తెల్దు గదా. బతికీవోడో కాదో తెలీకుండానే తిప్పీసినాడు." దుప్పటి మంచం మీద పరిచి, సమంగా సర్ది, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. తండ్రి పక్కనుంచే వెళ్ళింది. ఆగలేదు.

నేను నడవలోకి వచ్చాను. దాలినాయుడు లేచి నిలబడ్డాడు. గడ్డం పెరిగి, బుగ్గలు లోపలికి పోయి, చేతులు కట్టుకుని.

"గాలి బయటికే ఎల్తంది గదా డాక్టరమ్మా?"

"లోపల ఎవరూ లేరు, దాలినాయుడు గారూ. ఇద్దరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. కరెంటు దండగ."

"తెలుసమ్మా. సూసినాను." మీట మీద చెయ్యి వేసి, అది ఎటుందో తడిమి చూసుకున్నాడు. "బయటికే గదా?"

ఫ్యాను వల్ల కాదన్న మాట నోటిదాకా వచ్చింది. అతని కూతురు అప్పటికి మలుపు తిరిగిపోయింది.

"బయటికే," అన్నాను.